నాలుగడుగులు ముందుకు, మూడడుగులు వెనక్కి

హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఒక గొట్టం తయారుచేస్తుంది. వేలు దూరేంత లావు, గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అణు రియాక్టర్లో యురేనియం బిళ్లలను పొదువుకుని, దాదాపు 300 డిగ్రీల భారజలంలో నెలల తరబడి నిలవాల్సింది అదే.

దాని లోహం జిర్కోనియం. 1855 డిగ్రీల దాకా కరగదు. ముడిసరుకు మన సముద్రతీరపు ఇసుకలోనే ఉంది, కానీ అందులో హాఫ్నియం అనే కవల లోహం కలిసి ఉంటుంది. జిర్కోనియం న్యూట్రాన్లను దాదాపుగా వదిలేస్తే, హాఫ్నియం అంతకు 500 రెట్లకు పైగా మింగుతుంది. ముందు ఆ కవలను విడదీయాలి. ఆ తర్వాత గాలితో పేచీ. కాగిన జిర్కోనియం ఆక్సిజన్‌ను పీల్చుకుని పెళుసెక్కుతుంది. అందుకే శూన్యంలో కరిగిస్తారు, రాగి తొడుగు వేసి ప్రెస్సులోకి పంపుతారు. జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు మందపాటి బోలు కడ్డీ బయటికొస్తుంది.

దాన్ని పలచన చేసేది పిల్గర్ మిల్లు. నా దృష్టిలో అసలు కథానాయిక ఈ యంత్రమే. జర్మనీలో మానెస్‌మన్ సోదరులు 19వ శతాబ్దం చివర్లో వేడి ఉక్కు కోసం కనిపెట్టారు. ముందుకు కొంత, వెనక్కి కొంత నడిచే యాత్రికుల అడుగు నుంచి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు చల్లని లోహాన్నీ ఇలాగే సాగదీస్తున్నారు. గొట్టం లోపల కొస సన్నబడే కడ్డీ, బయట గాడి తగ్గుతూపోయే రెండు రోలర్లు. అవి ముందుకూ వెనక్కూ దొర్లుతుంటే, ప్రతి విడతలో గొట్టం కొన్ని మిల్లీమీటర్లు జరిగి, కాస్త తిరుగుతుంది. లాగితే చిరిగే లోహం, నలిపితే లొంగుతుంది.

నలపడంలోనూ లెక్క ఉంది. రియాక్టర్ నీటి నుంచి హైడ్రోజన్ గోడలోకి చేరి పెళుసు పలకలుగా పేరుకుంటుంది. ఆ పలకలు గోడకు అడ్డంగా నిలిస్తే పగులుకు దారి దొరుకుతుంది. ఉల్లిపొరల్లా చుట్టూ పడుకుంటే గోడ నిలుస్తుంది. పలకలు ఎటు పడుకోవాలో చాలావరకు మిల్లే నిర్ణయిస్తుంది. వ్యాసం కన్నా గోడ మందం ఎక్కువ పాళ్లలో తగ్గేలా నలిపితే లోహపు స్ఫటికాలు అనుకూలంగా తిరుగుతాయి. కొలతలు సరిపోయినంత మాత్రాన గొట్టం మంచిదైపోదు. అది ఏ దారిన సన్నబడిందన్నదే ముఖ్యం.

220 మెగావాట్ల మన రియాక్టర్ ఒక్కదాంట్లో 3,672 ఇంధన కట్టలుంటాయి, కట్టకు 19 గొట్టాలు. మొత్తం 69,768.