గుండె కవాట శస్త్రచికిత్స: ముందు సన్నద్ధత, తరవాత కోలుకోవడం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• గుండె కవాటాలు ఎందుకు చెడిపోతాయో వివరించగలుగుతారు.
• యాంత్రిక కవాటానికీ, జీవకణజాల కవాటానికీ మధ్య భేదాలను చెప్పగలుగుతారు.
• శస్త్రచికిత్సకు ముందు రోగి, కుటుంబం చేసుకోవలసిన ఏర్పాట్లను పేర్కొనగలుగుతారు.
• ఇంటికి వచ్చిన తరవాత పాటించవలసిన జాగ్రత్తలను, ప్రమాద సూచనలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

హైదరాబాదులోని అమీర్‌పేట పేరు వినగానే చాలామందికి కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు గుర్తుకు వస్తాయి. అక్కడికి కూతవేటు దూరంలో, పంజాగుట్టలో నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. అందరూ 'నిమ్స్' అని పిలిచే ఈ సంస్థ 1960లలో ఎముకల ఆసుపత్రిగా మొదలై, 1989లో చేసిన చట్టంతో విశ్వవిద్యాలయ హోదా పొందింది. గుండె జబ్బులతో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుంచి రోగులు ఇక్కడికి వస్తారు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కొడుకో, కూతురో, తమ్ముడో చాలాసార్లు ఆ రోగికి 'అటెండెంట్' అవుతారు. ఓ.పి. చీటీ తీయడం, డాక్టరు చెప్పినది పెద్దవాళ్లకు వివరించడం, మందుల లెక్క చూసుకోవడం వారి మీదే పడుతుంది. రేపు మీలో ఎవరికైనా ఆ బాధ్యత రావచ్చు. అందుకే ఈ భాగం రోగితోపాటు రోగి పక్కన నిలబడేవారిని కూడా దృష్టిలో ఉంచుకుని రాసినది.

2. కవాటాలు – అవి చెడిపోయే తీరు

గుండెలో నాలుగు కవాటాలు ఉన్నాయి. కుడివైపు అగ్రత్రయ కవాటం, పుపుస ధమని కవాటం. ఎడమవైపు మిట్రల్ కవాటం (అగ్రద్వయ కవాటం), మహాధమని కవాటం. ఇవి ఒకవైపుకే తెరుచుకునే తలుపుల వంటివి. రక్తాన్ని ముందుకు పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ ఈ తలుపులు తెరుచుకుని మూసుకోవాలి.

కవాటానికి వచ్చే జబ్బులు రెండు రకాలు. తలుపు సరిగా తెరుచుకోకపోతే దానిని 'సన్నబడటం' అనీ, సరిగా మూసుకోకపోతే 'లీకు' అనీ అంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో మిట్రల్ కవాటం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. ఇది 1.5 చదరపు సెంటీమీటర్లకు తగ్గితే జబ్బు తీవ్రమైనదని వైద్యులు భావిస్తారు. అప్పుడు రక్తం ఎడమ కర్ణికలో నిలిచిపోయి, ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల మీద పడుతుంది. మెట్లు ఎక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, గుండెదడ దీని లక్షణాలు.

మన దేశంలో యువతీయువకులకు కవాటాలు చెడిపోవడానికి ముఖ్యకారణం రుమాటిక్ జ్వరం. చిన్నతనంలో స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వల్ల గొంతునొప్పి వస్తుంది. దానిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసిన రక్షణ వ్యవస్థ కొందరిలో పొరపాటున సొంత కీళ్ల మీద, గుండె కవాటాల మీద దాడి చేస్తుంది. కీళ్లనొప్పులు కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. కవాటం మీద పడిన మచ్చ మాత్రం ఏళ్ల తరబడి ముదురుతుంది. పదేళ్ల వయసులో వచ్చిన జ్వరం ఫలితం ఇరవై అయిదో ఏట, తరచు తొలి గర్భధారణ సమయంలో, బయటపడటం ఇందువల్లనే. వయసు మీరినవారిలో మహాధమని కవాటంపై కాల్షియం పేరుకోవడం మరొక కారణం.

3. బాగుచేయడమా, మార్చడమా?

చెడిపోయిన ప్రతి కవాటాన్నీ మార్చనవసరం లేదు. సన్నబడిన మిట్రల్ కవాటం మెత్తగా ఉండి, లీకు ఎక్కువగా లేకపోతే, తొడ రక్తనాళం ద్వారా బెలూన్ పంపి వెడల్పు చేయవచ్చు. కొన్ని లీకులను శస్త్రచికిత్సతో కుట్టి సరిచేయవచ్చు. ఇవి వీలుకానప్పుడే కవాటాన్ని మారుస్తారు.

గుండెను ఆపి, తెరిచి, లోపల పని చేయడానికి గుండె–ఊపిరితిత్తుల యంత్రం కావాలి. 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ దీనిని మనిషిపై విజయవంతంగా ఉపయోగించాడు. 1960లో ఆల్బర్ట్ స్టార్, లోవెల్ ఎడ్వర్డ్స్ రూపొందించిన పంజరంలో బంతి వంటి కవాటం మిట్రల్ స్థానంలో అమర్చారు. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన 'చిత్ర' కవాటాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చారు. విదేశీ కవాటాల ధర భరించలేని కుటుంబాలకు ఇది పెద్ద ఊరట అయింది.

నేడు వాడే కవాటాలు రెండు రకాలు:

(అ) యాంత్రిక కవాటం: లోహం, కార్బన్ వంటి పదార్థాలతో చేస్తారు. దశాబ్దాలపాటు మన్నుతుంది. కానీ దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ లేదా ఎసినోకౌమరాల్ మాత్ర వేసుకోవాలి.

(ఆ) జీవకణజాల కవాటం: ఆవు లేదా పంది కణజాలంతో చేస్తారు. మూడు నుంచి ఆరు నెలల తరవాత, వేరే కారణం లేకపోతే, ఆ మాత్ర అవసరం ఉండదు. కానీ సాధారణంగా 10–15 ఏళ్లలో అరిగిపోతుంది. వయసు తక్కువైనకొద్దీ త్వరగా అరుగుతుంది.

సాధారణంగా 50 ఏళ్లలోపువారికి యాంత్రిక కవాటాన్ని, 65 దాటినవారికి జీవకణజాల కవాటాన్ని సూచిస్తారు. అయితే వయసు ఒక్కటే నిర్ణయించదు. ఒక ఉదాహరణ చూద్దాం. నల్లగొండ జిల్లా పల్లెలో ఉండే 26 ఏళ్ల వివాహితకు మిట్రల్ కవాటం మార్చాలి అనుకుందాం. ఆమెకు ఇంకా పిల్లలు లేరు. యాంత్రిక కవాటం పెడితే మళ్లీ శస్త్రచికిత్స అవసరం రాకపోవచ్చు. కానీ వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు, ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య, హాని చేయగలదు. ఆ మాత్ర మానేస్తే కవాటం మీద గడ్డ కట్టి తల్లి ప్రాణానికే ముప్పు. జీవకణజాల కవాటం పెడితే గర్భధారణ కొంత సురక్షితం. కానీ నలభై ఏళ్లు రాకముందే మరో పెద్ద శస్త్రచికిత్సకు సిద్ధపడాలి. రెంటిలో ఏదీ పూర్తిగా మంచిది కాదు, ఏదీ పూర్తిగా చెడ్డది కాదు. కాబట్టి ఈ సంభాషణ ఆమె లేకుండా, అత్తమామలకూ డాక్టరుకూ మధ్య ముగిసిపోకూడదు. నిర్ణయం శస్త్రచికిత్సకు ముందే, ఆమెకు అర్థమయ్యే తెలుగులో చర్చించి, ఆమె సమ్మతితో జరగాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని రెండు మూడు వాక్యాలలో రాయండి.
రుమాటిక్ జ్వరం తగ్గిన చాలా ఏళ్లకు కవాటం జబ్బు ఎందుకు బయటపడుతుంది?

4. శస్త్రచికిత్సకు ముందు

4.1 పరీక్షలు: ఎకో పరీక్ష అన్నింటికన్నా ముఖ్యం. దీనితోపాటు రక్తపరీక్షలు, ఇ.సి.జి., ఛాతీ ఎక్స్‌రే చేస్తారు. నలభై దాటినవారికి రక్తనాళాలలో పూడికలు ఉన్నాయేమో చూడటానికి సాధారణంగా యాంజియోగ్రామ్ కూడా చేస్తారు.

4.2 పళ్ల పరీక్ష: 'గుండెకు ఆపరేషన్ అయితే పళ్ల డాక్టరు దగ్గరికి ఎందుకు?' అని చాలామంది అడుగుతారు. పుచ్చిపోయిన పన్ను, చీము పట్టిన చిగురు నుంచి బాక్టీరియా రక్తంలోకి చేరి కొత్త కవాటం మీద గూడు కట్టగలదు. అది ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్. అందుకే పళ్ల చికిత్స ముందే పూర్తిచేసుకోవాలి.

4.3 మందులు, అలవాట్లు: వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేద, హోమియో మందులతో సహా, డాక్టరుకు చూపాలి. రక్తాన్ని పల్చన చేసే మందులను ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. బీడీ, సిగరెట్, గుట్కా వెంటనే మానాలి. ఊపిరి వ్యాయామం చేసే మూడు బంతుల పరికరాన్ని ముందునుంచే అలవాటు చేసుకుంటే తరవాత తేలికవుతుంది.

4.4 ఖర్చు, కాగితాలు: 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో కవాట మార్పిడి కూడా ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఈ పథకం పరిమితిని కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. పథకం కింద చికిత్సకు ముందస్తు అనుమతి కావాలి. కాబట్టి రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు తీసుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలవాలి. రక్తదాతలను కూడా ముందే చూసుకోవాలి. హాస్టల్ మిత్రులు చేయగల పెద్ద సాయం ఇదే.

4.5 బస: దూరప్రాంతం వారు డిశ్చార్జి అయిన తరవాత మొదటి పరీక్ష వరకు ఆసుపత్రికి దగ్గరలో ఉండటం మంచిది. గది తీసుకునేటప్పుడు కింది అంతస్తు, పడమటి మరుగుదొడ్డి, చేయి పట్టుకుని లేపడానికి ఒక మనిషి ఉండేలా చూసుకోవాలి.

5. ఆసుపత్రిలో

శస్త్రచికిత్స సాధారణంగా మూడు నుంచి అయిదు గంటలు పడుతుంది. రొమ్ము ఎముకను మధ్యగా కోసి, పని ముగిశాక ఉక్కు తీగలతో కట్టి మూస్తారు. తరవాత రోగిని ఐ.సి.యు.కు మారుస్తారు. నోటిలో గొట్టం, ఛాతీ నుంచి రక్తం తీసే గొట్టాలు, చుట్టూ యంత్రాల చప్పుడు చూసి కుటుంబసభ్యులు భయపడతారు. ఇవన్నీ మామూలే. శ్వాస గొట్టాన్ని చాలామందికి ఒక రోజులోపే తీస్తారు. అది ఉన్నంతసేపూ రోగి మాట్లాడలేరు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే ఆ కంగారు తగ్గుతుంది.

రెండో రోజునుంచే కూర్చోబెట్టడం, నడిపించడం మొదలుపెడతారు. దగ్గేటప్పుడు దిండును ఛాతీకి హత్తుకుంటే నొప్పి తగ్గుతుంది. నొప్పికి భయపడి దగ్గకపోతే కఫం నిలిచి న్యుమోనియా రావచ్చు. ఇబ్బందులు లేకపోతే సుమారు వారం, పది రోజులలో ఇంటికి పంపుతారు.

6. ఇంటిదగ్గర కోలుకోవడం

6.1 ఎముక అతుకు: రొమ్ము ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటివరకు 5 కిలోలకు మించి బరువు ఎత్తకూడదు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లను ఎత్తుకోవడం అన్నీ ఇందులోకి వస్తాయి. బోరింగు కొట్టకూడదు, స్కూటర్ నడపకూడదు. మెట్రోలో పైపట్టీ పట్టుకుని వేలాడకుండా సీటు అడిగి కూర్చోవాలి. అమీర్‌పేట వంటి పెద్ద స్టేషన్లలో మెట్లకు బదులు లిఫ్టు వాడటం మేలు.

6.2 నడక: మొదట రోజుకు రెండుసార్లు అయిదేసి నిమిషాలు సమతలం మీద నడవాలి. క్రమంగా పెంచుతూ ఆరో వారానికి అరగంటకు చేరవచ్చు. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరైనదని అర్థం.

6.3 ఐ.ఎన్.ఆర్. పరీక్ష: రక్తం గడ్డకట్టే వేగాన్ని ఈ అంకె తెలుపుతుంది. మాత్ర వాడనివారిలో ఇది సుమారు 1. యాంత్రిక మిట్రల్ కవాటం ఉన్నవారిలో సాధారణంగా 2.5–3.5 మధ్య, మహాధమని కవాటం ఉన్నవారిలో 2–3 మధ్య ఉంచుతారు. తగ్గితే గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. మరీ పెరిగితే రక్తస్రావం కావచ్చు. మొదట తరచుగా, నిలకడ వచ్చాక సుమారు నెలకొకసారి పరీక్ష చేయించాలి. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించి, తేదీ, అంకె, మోతాదు ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి.

మాత్రను రోజూ ఒకే సమయానికి వేసుకోవాలి. మరిచిపోతే అదే రోజు గుర్తుకొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు మాత్రం రెండు కలిపి వేసుకోకూడదు. ఒంట్లో బాగుంది కదా అని మానేయడం అన్నింటికన్నా పెద్ద ప్రమాదం. దాబిగాట్రాన్ వంటి కొత్త మందులు యాంత్రిక కవాటం ఉన్నవారికి పనికిరావు.

6.4 ఆహారం: పాలకూర, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలలోని విటమిన్ 'కె' వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది. అందుకని ఆకుకూరలు పూర్తిగా మానేయనవసరం లేదు. వారంవారం ఒకే పరిమాణంలో తింటే, దానికి తగినట్టు డాక్టరు మోతాదు సరిచేస్తారు. ఉప్పు తగ్గించాలి, ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలలో ఉప్పు ఎక్కువని మరవకూడదు.

6.5 ఇతర మందులు: డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా కొనకూడదు. క్షయ మందు రిఫాంపిసిన్ ఐ.ఎన్.ఆర్.ను తగ్గిస్తుంది, మెట్రోనిడజోల్ పెంచుతుంది. రుమాటిక్ జబ్బు ఉన్నవారికి కవాటం మార్చిన తరవాత కూడా పెనిసిలిన్ అవసరం కావచ్చు. దానిని కండరానికి ఇంజెక్షన్‌గా తీసుకోవాలా, మాత్రగానా అన్నది డాక్టరును అడగాలి. పన్ను తీయించుకునే ముందు 'నాకు కృత్రిమ కవాటం ఉంది' అని తప్పక చెప్పాలి.

6.6 మనసు: మొదటి వారాలలో నిద్రలేమి, దిగులు, ఊరికే ఏడుపు రావడం చాలామందిలో కనిపిస్తాయి. యాంత్రిక కవాటం చేసే 'టిక్ టిక్' చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న రాత్రి వినిపించి భయపెట్టవచ్చు. కవాటం పనిచేస్తున్నదనడానికి అది గుర్తు. దిగులు వారాల తరబడి తగ్గకపోతే వైద్యసలహా తీసుకోవాలి.

6.7 వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన సూచనలు:
• 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, గాయం నుంచి చీము
• మూతి వంకర పోవడం, మాట తడబడటం, చేయి లేదా కాలు చచ్చుబడటం
• ఉన్నట్టుండి ఆయాసం, స్పృహ తప్పడం, కవాటం చప్పుడు మందగించడం
• నల్లని విరేచనాలు, ఆగని రక్తస్రావం, తలకు గట్టి దెబ్బ
• ఒకటి రెండు రోజుల్లో ఒక కిలోకు మించి బరువు పెరగడం, కాళ్ల వాపు

ఇటువంటప్పుడు 108కి ఫోన్ చేయాలి. కవాటం పేరు, సైజు, తేదీ ఉన్న కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు పూర్తిగా మానాలా? కారణం రాయండి.

7. సారాంశం

కవాట శస్త్రచికిత్స కొన్ని గంటల్లో ముగుస్తుంది. దాని ఫలితం నిలబడటం మాత్రం ముందు చేసుకున్న సన్నద్ధత మీద, తరవాత ఏళ్ల తరబడి పాటించే క్రమశిక్షణ మీద ఆధారపడుతుంది. కవాటం ఎంపికలో రోగి వయసు, గర్భధారణ ఆలోచన, ఊరికి దగ్గరలో ఐ.ఎన్.ఆర్. పరీక్ష దొరుకుతుందా అన్నవి చూడాలి. పిల్లల గొంతునొప్పికి సకాలంలో చికిత్స చేయిస్తే ఈ శస్త్రచికిత్సలలో కొన్నింటి అవసరమే రాదు. ఈ పాఠం అవగాహన కోసమే. మోతాదులు, తేదీలు మీ డాక్టరు నిర్ణయించాలి.

8. మీ ప్రగతిని సరిచూసుకోండి – మాదిరి సమాధానాలు

1. జ్వరం తగ్గినా కవాటం మీద పడిన మచ్చ ఏళ్ల తరబడి ముదురుతుంది. కవాటం బాగా సన్నబడిన లేదా లీకైన తరవాతే లక్షణాలు కనిపిస్తాయి.
2. అవసరం లేదు. ఒకే పరిమాణంలో తింటే విటమిన్ 'కె' నిలకడగా ఉండి, మోతాదు నిర్ణయించడం వీలవుతుంది.

9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. యాంత్రిక, జీవకణజాల కవాటాలను పోల్చి, ఎంపికను ప్రభావితం చేసే అంశాలను చర్చించండి.
2. కవాట శస్త్రచికిత్స తరవాత ఇంటిదగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శస్త్రచికిత్సకు ముందు పళ్ల పరీక్ష ఎందుకు అవసరం?
2. ఐ.ఎన్.ఆర్. అంటే ఏమిటి? అది తగ్గినా, పెరిగినా వచ్చే ప్రమాదాలు ఏవి?