కదిలే ఇంట్లో టెలివిజన్

నత్త ఎక్కడికి పోయినా తన ఇంటిని వీపున వేసుకునే పోతుంది. అమెరికాలో కొందరు మనుషులు కూడా సెలవులలో ఇంటితో సహా ప్రయాణం చేస్తారు. వారి ఇల్లు చక్రాలమీద నడిచే పెద్ద బండి. అందులో మంచాలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, స్నానాల గది అన్నీ వుంటాయి. దీనిని "ఆర్.వి." అంటారు. కొన్ని ఆర్.వి.లు తమ ఇంజనుతో తామే నడుస్తాయి. కొన్నిటిని మోటారు వెనక తగిలించి లాగుతారు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారు కూడా వీటిని అద్దెకు తీసుకుని కొండలూ, అడవులూ చూసి వస్తూ వుంటారు.

ఈ బండిలో టెలివిజన్ కూడా వుంటుంది. పగలంతా తిరిగి, రాత్రి భోజనాలైన తరవాత సినిమా చూడాలని పిల్లలకు సరదా. కాని అడవి మధ్య నిలిచిన బండిలోకి సినిమా ఎక్కడినుంచి వస్తుంది?

టెలివిజన్ వెనక చూస్తే చిన్న సాధనం ఒకటి గుచ్చి వుంటుంది. ఇటువంటివాటిలో రోకూ వారి మొదటి పెట్టె 2008లో వచ్చింది. గుప్పిట్లో ఇమిడే క్రోమ్‌కాస్ట్ 2013లోనూ, ఫైర్ టీవీ స్టిక్ 2014లోనూ వచ్చాయి. ఈ సాధనంలో సినిమాలు దాచి వుంచరు. ఎక్కడో దూరాన వున్న కంప్యూటర్లనుంచి ఇది ఇంటర్నెట్ ద్వారా సినిమాను తెప్పించి తెరకు అందిస్తుంది. దీనినే "స్ట్రీమింగ్" అంటారు, ఏరులా పారించటమన్నమాట.

ఐతే సినిమా అంతా ఒక్కసారిగా రాదు. దానిని కొద్ది సెకండ్ల ముక్కలుగా విడగొట్టి వుంచుతారు. మేడమీద నీళ్ళ తొట్టిని మీరు చూశారుకదా? వీధి పంపు ఒకసారి జోరుగా, ఒకసారి సన్నగా వస్తుంది. అయినా తొట్టిలో నీళ్ళున్నంతసేపూ ఇంట్లో కొళాయి ఒకే తీరున పారుతుంది. ఈ సాధనం పని కూడా అంతే. మీరు ఒక ముక్క చూస్తూ వుండగానే అది రాబోయే ముక్కలను తెచ్చి తన తొట్టి నింపుకుంటుంది. వచ్చే ధార సన్నబడితే, బొమ్మ కాస్త మసకగా వుండే చిన్న ముక్కలను అడుగుతుంది. అప్పటికీ తొట్టి ఖాళీ అయితే బొమ్మ ఆగిపోయి, తెరమీద చక్రం గిరగిరా తిరుగుతుంది.

ఊళ్ళో ఇంటికి ఇంటర్నెట్ తీగ వుంటుంది. తిరిగే బండికి మూడు దారులున్నాయి.

మొదటిది, బండ్లు నిలుపుకునే విడిదిలో వుండే వై-ఫై. సాయంత్రం కాగానే అన్ని బండ్లవారూ ఒక్కసారే దానిమీద పడతారు గనుక, ఎవరి వంతుకూ ఎక్కువ రాదు.

రెండవది, ఫోనులో వుండే హాట్‌స్పాట్. దీనికి దగ్గరలో టవరు వుండాలి. 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో వేడి నీటి బుగ్గలున్నాయి, ఎలుగుబంట్లున్నాయి. కాని చాలా చోట్ల ఫోను పలకదు.

మూడవది ఉపగ్రహం. పాతకాలపు టెలివిజన్ ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున వుంటాయి. 2019 నుంచి గుంపులు గుంపులుగా ఎగరవేస్తున్న స్టార్‌లింక్ ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి. 2022లో ఆర్.వి.లవారికోసం కూడా ఆ సౌకర్యం వచ్చింది. కాని ఇందులో ఒక తమాషా వున్నది. ఎండకు బండి చెట్టునీడ కోరుతుంది; దాని పళ్ళెమేమో, అడ్డు లేని ఆకాశం కోరుతుంది! అందుచేత బండిని నీడలో నిలిపి, పళ్ళేన్ని పొడుగాటి తీగతో దూరంగా ఆరుబయట పెడతారు.

ఇక కరెంటు సంగతి. బండిలో 12 వోల్టుల బ్యాటరీ వుంటుంది. 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 12 × 100, అనగా 1,200 వాట్-గంటల శక్తి వుంటుంది. సీసపు బ్యాటరీ అయితే సగానికి మించి వాడకపోవటం మంచిది. మిగిలింది 600. టెలివిజనూ, సాధనమూ కలిసి 40 వాట్లు తీసుకుంటాయనుకుంటే, 15 గంటలు నడుస్తాయి. కాని దీపాలూ, నీళ్ళ పంపూ కూడా ఆ బ్యాటరీమీదనే బతకాలికదా!

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసింది డేటా. నెట్‌ఫ్లిక్స్ వారి లెక్క ప్రకారం, మామూలు బొమ్మకు గంటకు 1 జి.బి. దాకా, స్పష్టమైన హెచ్.డి. బొమ్మకు 3 జి.బి. దాకా, మరీ స్పష్టమైన 4కె బొమ్మకు 7 జి.బి. దాకా ఖర్చవుతుంది. ఒక కుటుంబానికి హాట్‌స్పాట్‌లో 30 జి.బి. వున్నదనుకోండి. మామూలు బొమ్మ అయితే 30 గంటలు వస్తుంది. హెచ్.డి. అయితే 10 గంటలే. 4కె అయితే నాలుగు గంటలు దాటి కొద్ది నిమిషాలు. రెండు సినిమాలతో సరి!

ఇంకొక చిక్కు. ఒక కథ అయిపోగానే రెండవ కథ దానంతట అదే మొదలవుతుంది. నిద్ర వచ్చిన పిల్లవాడు టెలివిజన్ ఆర్పి పడుకుంటాడు. సాధనానికి కరెంటు వేరే వస్తూ వుంటే, తెర నల్లబడినా అది ఆగకపోవచ్చును. తెల్లవార్లూ చూసేవారు లేని సినిమా పారుతూనే వుంటుంది! మర్నాడు కొండదారిలో దారి చూపే పటం కావాలి. గాలివాన వస్తున్నదేమో తెలుసుకోవాలి. కోటా అయిపోతే ధార ఆగిపోవచ్చు, లేదా చుక్కలు చుక్కలుగా రావచ్చు.

అందుచేత, తెలిసినవారు బయలుదేరకముందే ఇంటి దగ్గర కొన్ని సినిమాలు ట్యాబ్లెట్‌లోకి దించుకుంటారు. సాధనంలో బొమ్మ స్పష్టతను తగ్గించి పెడతారు. చూడటం అయిపోగానే "హోమ్" మీట నొక్కి, ఆ తరవాతనే టెలివిజన్ ఆర్పుతారు. బండి పైకప్పున ఏంటెనా నిలుపుతారు. అమెరికాలో స్థానిక టెలివిజన్ కేంద్రాలు గాలిలో పంపే ప్రసారాలు దానికి అందుతాయి. వార్తలూ, తుపాను హెచ్చరికలూ డేటా ఖర్చు లేకుండానే తెలుస్తాయి.

పిల్లలూ, ఈ లెక్క మీ ఇంట్లో కూడా వేయవచ్చును. ఫోను సెట్టింగ్స్‌లో ఎంత డేటా ఖర్చయిందీ కనిపిస్తుంది. వై-ఫై ఆపి, సినిమా పెట్టకముందు అది ఎంత వున్నదో రాసుకోండి. పది నిమిషాలు చూసి, మళ్ళీ రాసుకోండి. తేడాను 6 పెట్టి గుణిస్తే, గంటకు ఎంతో తేలుతుంది. తరవాత స్పష్టత తగ్గించి అదే పది నిమిషాలూ మళ్ళీ చూడండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసి, మీ అమ్మకూ నాన్నకూ చూపించండి.