ఉక్కు పాత్రలో అగాధం

లోతు సముద్రపు రొయ్యను బతికుండగా చూడాలంటే దాని మీద సముద్రమంత బరువు పెట్టాల్సిందే. ఫ్రెంచి శాస్త్రవేత్తలు చేస్తున్నది అదే. ఆ రొయ్య ఇంటి గోడల్లోని లోహాల మీద ఇప్పుడు భారత్ కన్ను పడింది.

ఇళ్లకు సరఫరా చేసే తాగునీటి క్యాను కన్నా ఒక లీటరు తక్కువే పడుతుంది అందులో. కానీ ఆ మందపాటి స్టీలు పాత్ర లోపల ఉన్నది 2,300 మీటర్ల లోతు సముద్రం. గోడకు బిగించిన చిన్న కిటికీలోంచి కెమెరా తొంగి చూస్తుంటే, అట్లాంటిక్ అడుగు నుంచి తెచ్చిన రొయ్యలు లోపల తీరిగ్గా మీసాలు దువ్వుకుంటుంటాయి. పారిస్‌కు చెందిన బ్రూస్ షిలిటో బృందం 'ఐపోకాంప్' అని పిలిచే ఈ తొట్టె 300 బార్ల పీడనాన్ని తట్టుకుంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకే.

అగాధపు రొయ్యలతో మనకు పరిచయం పాతదే. ఖరగ్‌పూర్ నుంచి లోకల్ రైలెక్కితే చేరుకోగల కోల్‌కతాలో, ఇండియన్ మ్యూజియం సేకరణలోని లోతు సముద్రపు రొయ్యలు, వాటి బంధువుల జాబితాను ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ 1901లోనే అచ్చువేయించారు. సర్వే నౌక 'ఇన్వెస్టిగేటర్' వలల్లో పైకొచ్చిన జీవాలవి. చచ్చిన రొయ్యకు కాళ్లు లెక్కపెట్టొచ్చు, ముళ్లు లెక్కపెట్టొచ్చు. అది ఎటు నడుస్తుందో, ఎందుకు నడుస్తుందో మాత్రం సీసాలోని సరుకు చెప్పదు.

ఫ్రెంచి తొట్టెల్లో ముఖ్య అతిథి రిమికారిస్ ఎక్సోక్యులాటా. 1986లో దీనికి పేరు పెట్టినవారు కళ్లు లేనిదన్న అర్థమే ఎంచుకున్నారు. మూడేళ్లకు సిండీ వాన్ డోవర్ బృందం దాని వీపు మీద మసక వెలుగును పసిగట్టే అవయవాన్ని కనిపెట్టింది. అట్లాంటిక్ నడిమి పర్వతశ్రేణిలో, 350 డిగ్రీలు దాటిన నీటిని చిమ్మే బుగ్గల చుట్టూ ఇవి చదరపు మీటరుకు వేలల్లో ముసురుతాయి. తలలోని గది నిండా బ్యాక్టీరియాను పెంచుకుని, వాటి ద్వారానే పొట్ట పోసుకుంటాయి.

ఆ నిప్పుల కొలిమి పక్కన కాపురం ఉండే ప్రాణికి ఎండలెక్కేమిటి అనుకుంటాం. 2003లో షిలిటో సహచరి జూలియెట్ రావో తదితరులు 230 బార్ల పీడనంలో వేడి పెంచుతూ పోతే, 39 డిగ్రీల దగ్గరే రొయ్యలు చేతులెత్తేశాయి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం చాలు వాటికి.

మరి చీకటి సముద్రంలో బుగ్గ ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది? బుగ్గ శాశ్వతం కాదు. ఊట ఆగితే ఇల్లు మారాలి. వాసన పట్టి వెళతాయన్న ఊహ చాలాకాలంగా ఉంది. మీసాలు సల్ఫైడును, తిండి వాసనను గుర్తిస్తున్నాయనీ తేలింది. కానీ ఇదే బృందం 2021లో ప్రచురించిన ప్రయోగాల్లో, వాసనలు చూపించినా రొయ్యలు పెద్దగా కదల్లేదు. వేడి చూపిస్తే మాత్రం స్పష్టంగా అటే వెళ్లాయి. ఎంత దువ్వుకున్నా మీసాల మీది బ్యాక్టీరియా పొర వదలకపోవడం ఇంకో విచిత్రం. అయితే బుగ్గ నీటి వేడి కాస్త దూరం పోగానే చల్లారిపోతుంది. కిలోమీటర్ల అవతలి ఇంటికి దారి చూపేదేమిటన్నది తేలనే లేదు.

తేలకముందే గిరాకీ మొదలైంది. ఈ బుగ్గలు పేర్చిన గోడల్లో రాగి, జింకు, బంగారం, వెండి ఉంటాయి. అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో భారత్ 2016లో ఒకటి, 2025లో మరొకటి అన్వేషణ ఒప్పందాలు చేసుకుంది. ఒక్కొక్కటీ హిందూ మహాసముద్రంలో పది వేల చదరపు కిలోమీటర్లకు, 15 ఏళ్లకు. రెండోది కార్ల్స్‌బర్గ్ శ్రేణిది. ఇవి తవ్వకానికి అనుమతులు కావు. అక్కడి జీవాల వివరాలు సేకరించడం కూడా ఒప్పందంలో భాగమే. ఆ మహాసముద్రపు బుగ్గల్లోనూ రిమికారిస్ బంధువులు గుంపులు కడతాయి. వాటి పొరుగునే ఉండే ఇనుప పొలుసుల నత్తను తవ్వకాల ముప్పు కారణంగా 2019లోనే అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చారు.

ఇంజనీర్లకు మనకు కొదవ లేదు. సముద్రం కనిపించని ఖరగ్‌పూర్‌లో ఐఐటీ 1950ల నుంచే నౌకా నిర్మాణం నేర్పుతోంది. 2021లో కేంద్రం రూ. 4,077 కోట్ల లోతు సముద్ర మిషన్‌ను ఆమోదించింది. ముగ్గురిని 6,000 మీటర్లకు దించేందుకు చెన్నైలోని ఎన్ఐఓటీ 'మత్స్య 6000' చేపట్టింది. రొయ్యల కోసం 2018లో అట్లాంటిక్ బుగ్గల దగ్గరికి దిగిన ఫ్రెంచి వాహనం 'నాటీల్'లోనే 2025 ఆగస్టులో ఇద్దరు భారతీయులు వంతులవారీగా అదే మహాసముద్రంలోకి దిగారు. ఒకరు 4,025 మీటర్లకు, మరొకరు 5,002 మీటర్లకు. వాళ్లు వెళ్లింది రొయ్యల కోసం కాదు, వాహనం నడపడంలో మెలకువలు నేర్చుకోవడానికి.