పుదుచ్చేరికి కారులో వెళ్తున్నారా? అక్కడి వానకాలం వేరు

తెలుగు రాష్ట్రాల నుంచి రోడ్డు మార్గంలో పుదుచ్చేరికి బయలుదేరేవారు దూరం కంటే ముందు నెల చూసుకోవాలి. తెలుగు నేలపై ప్రధాన వర్షాలు జూన్-సెప్టెంబరు మధ్య నైరుతి రుతుపవనాలతో వస్తాయి. పుదుచ్చేరిలో మాత్రం అధిక వర్షపాతం అక్టోబరు-డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల కాలంలోనే నమోదవుతుంది. దీపావళి, క్రిస్మస్ సెలవులు ఈ నెలల్లోనే వస్తాయి.

బంగాళాఖాతంలో తుపానుల ముప్పు కూడా అప్పుడే ఎక్కువ. 2011 డిసెంబరు 30న ‘థానే’ తుపాను కడలూరు-పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. 2024 నవంబరు 30న ‘ఫెంగల్’ పుదుచ్చేరి సమీపంలో తీరాన్ని తాకింది. కుండపోత వానకు పట్టణంలోని వీధులు నీట మునిగాయి.

చెన్నై నుంచి పుదుచ్చేరికి ఈస్ట్ కోస్ట్ రోడ్డుపై దూరం సుమారు 150 కిలోమీటర్లు. 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన మహాబలిపురం కట్టడాలు ఈ దారిలోనే ఉన్నాయి. దారి పొడవునా సముద్రం దగ్గరే కాబట్టి గాలివానల ప్రభావమూ ఎక్కువే.

వర్షాలు తగ్గి, ఎండలు ముదరని జనవరి, ఫిబ్రవరి నెలలు ఈ ప్రయాణానికి అనుకూలం. అంతకుముందే వెళ్లవలసి వస్తే భారత వాతావరణ శాఖ హెచ్చరికలను రోజూ గమనించాలి. రెడ్ అలర్ట్ ఉంటే ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడమే క్షేమం.