ఉద్యోగం చేస్తూనే పుస్తకం రాయొచ్చా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలు మన ఇళ్లలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. పదేళ్లు పని చేశాక, నేర్చుకున్నది ఒక పుస్తకంగా రాయాలన్న కోరిక కొందరికి కలుగుతుంది. కానీ పగలంతా ఆఫీసు, రాత్రి మీటింగులు, మధ్యలో పిల్లల హోంవర్కు. ‘టైమ్ ఎక్కడుంది?’ అన్న మాట దగ్గరే ఆ కోరిక ఆగిపోతుంది.

నిజానికి తీరిక దొరికాక రాసినవాళ్లు తక్కువ. సి భాషపై బ్రయాన్ కెర్నిగన్, డెనిస్ రిచీ రాసిన ప్రసిద్ధ పుస్తకం 1978లో వచ్చింది. అప్పుడు ఇద్దరూ బెల్ ల్యాబ్స్ ఉద్యోగులే. ఈ కాలంలో అమెరికా ఇంజినీరు రాబర్ట్ నిస్ట్రమ్‌ను చూడండి. ఉద్యోగం చేస్తూనే ‘గేమ్ ప్రోగ్రామింగ్ ప్యాటర్న్స్’ (2014), ‘క్రాఫ్టింగ్ ఇంటర్‌ప్రెటర్స్’ (2021) రాశారు. ఒక్కోదానికి ఏళ్లు పట్టాయి. ఏ రోజూ మానకుండా కొంత రాయాలన్న నియమమే పని పూర్తి చేయించిందని ఆయనే చెప్పుకున్నారు.

రోజూ ఎందుకు? పదిహేను రోజులు వదిలేసి కూర్చుంటే, ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికే సెలవు దినం అయిపోతుంది. నిన్న రాసింది ఇవాళ మనసులో తాజాగా ఉంటుంది. లెక్క కూడా చూడండి: రోజుకు 200 పదాలు, ఏడాదిలో 300 రోజులు రాస్తే 60,000 పదాలు. చిన్న పుస్తకానికి అది చాలు. అయితే దాన్ని తిరగరాయడానికి మళ్లీ దాదాపు అంత సమయం పడుతుంది. పుస్తకంలోని ప్రతి కోడ్‌నూ నడిపి చూడాలి. చదివేవాడు టైప్ చేసి, అది పని చేయకపోతే ఆ పుస్తకం మీద నమ్మకం పోతుంది. నిస్ట్రమ్ అధ్యాయాలను పూర్తయినవి పూర్తయినట్టే ఇంటర్నెట్‌లో పెట్టారు. పాఠకులే తప్పులు పట్టి ఇచ్చారు.

మొదటి పేజీ రాసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. చేరినప్పుడు సంతకం పెట్టిన ఉద్యోగ ఒప్పందం బయటికి తీసి చదవండి. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. కొన్ని ఒప్పందాలు ఇంకా ముందుకెళ్లి, సొంత సమయంలో చేసిన పని మీద కూడా హక్కు అడుగుతాయి. అందుకే ముందే మేనేజరుకు చెప్పి, అనుమతి ఈమెయిల్‌లో తీసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ వాడొద్దు. కంపెనీ కోడ్, రహస్యాలు ఒక్క లైను కూడా పుస్తకంలోకి రానివ్వొద్దు. రెండేళ్ల కష్టం చేజారిపోయాక బాధపడి లాభం లేదు.

డబ్బు సంగతీ దాచకూడదు. టెక్నికల్ పుస్తకాల రాయల్టీతో ఇల్లు గడవడం అరుదు. చేతికొచ్చేది పేరు, మంచి ఉద్యోగ అవకాశాలు, అన్నిటికంటే ఆ విషయం మీద గట్టి పట్టు. ఎదుటివాడికి అర్థమయ్యేలా రాయాలంటే ముందు మనకే పూర్తిగా తెలియాలి కదా.

చివరిగా ఇంట్లోవాళ్లకు ఒక మాట. రాసే అరగంట ఏదో అందరూ కూర్చుని మాట్లాడుకుని ఖాయం చేసుకోండి. ఆ సమయంలో తలుపు తట్టకండి. రాసేవారు కూడా అరగంట అయ్యాక ల్యాప్‌టాప్ మూసేసి అందరితో కలిసి దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవాలి. ఇంటి సమయం అంతా లాగేసుకునే పుస్తకం సగంలోనే ఆగిపోతుంది.