నెమ్మదించిన ఓడకు దారి చూపుటెట్లు?

కాజీపల్లి పారిశ్రామికవాడలో లారీలు కర్మాగారపు గేటులోనికి మళ్ళుట ఆ ప్రాంతపు శ్రోతలు నిత్యము చూచుచునే యుందురు. మలుపు రాగానే డ్రైవరు వేగము తగ్గించును. తగ్గించినకొలది బండి అతని చేతికి లొంగును. ఆ సరకే విశాఖపట్టణము చేరి ఓడ నెక్కినచో ఈ న్యాయము తలక్రిందులగును. ఓడ నెమ్మదించినకొలది చెప్పినమాట వినదు. సముద్రము కనబడని ఊళ్ళవారికి ఈ చిత్రమును వివరింపవలెనని మాకు తోచినది.

లారీ చక్రములకు నేల పట్టు కలదు. ఓడకు నీరు తప్ప వేరు పట్టు లేదు. చుక్కాని యనగా ఓడ వెనుకభాగమున నిలువుగా అమర్చిన ఉక్కు పలక. దాని ప్రక్కగా నీరు పారుచున్నంతసేపే దానికి బలము. నీటి వేగము సగమైనచో చుక్కాని బలము సగము కాదు, నాలుగవ వంతే మిగులును. వేగము మూడవ వంతునకు తగ్గినచో బలము తొమ్మిదవ వంతునకు పడిపోవును. ఓడ ప్రక్కను తోయు గాలి మాత్రము మన వేగమును చూచి తగ్గునది కాదు.

విశాఖ రేవు సంగతి చూడుడు. 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ యను ఓడ ఆ రేవులోనికి మొదట ప్రవేశించినది. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకు కాలువ గుండ లోపలి రేవునకు పోవలెను. అచ్చట వేగముగా పోరాదు. నిండు బరువుతోనున్న పెద్ద ఓడ ఇంజను ఆపినంతమాత్రమున ఆగదు, చాల దూరము సాగిపోవును. మరీ నెమ్మదిగాను పోరాదు. గాలి దానిని గట్టువైపు నెట్టును. ఈ రెంటి నడుమ దారి చూపుటకే రేవు పైలటు ఓడ నెక్కును.

అతని ముఖ్యోపాయము మిక్కిలి సులభమైనది. నీటిని వెనుకకు చిమ్ము రెక్కల చక్రము, అనగా ప్రొపెల్లరు, చుక్కానికి సరిగా ముందున్నది. ఓడ కదలకున్నను చక్రము తిరిగినచో ఆ నీటిధార చుక్కానికి తగులును. కావున పైలటు ముందుగా చుక్కానిని పూర్తిగా, సాధారణముగా 35 డిగ్రీలు, ఒకవైపునకు త్రిప్పించును. తరువాత ఇంజనును కొద్ది క్షణములు ముందుకు నడిపించి ఆపించును. వేలాది టన్నుల ఓడ ముందుకు వేగము పుంజుకొనుటకు చాలసేపు పట్టును; ఈలోగానే దాని వెనుకభాగము ప్రక్కకు జరిగి, ముందుభాగము మళ్ళుట ఆరంభమగును. మొండికేసిన ఎద్దును ఒక్కమారు అదలించి ఊరకుండు రైతు పద్ధతి ఇదియే. అయితే వరుస తప్పరాదు. చుక్కాని త్రిప్పకముందే ఇంజను నడిపినచో మలుపు దొరకదు సరికదా, వద్దనుకొన్న వేగము వచ్చిపడును.

వెనుకకు నడిపినప్పుడు మరియొక వింత. ముందుకు పోవునపుడు కుడివైపునకు తిరుగు ప్రొపెల్లరు గల ఓడలో ఇంజనును వెనుకకు త్రిప్పినచో, ఓడ వెనుకభాగము ఎడమకు జరుగును. దీనిని దోషమని తలపరాదు. ఎడమప్రక్క గట్టునకు ఏటవాలుగా చేరి, ఇంజనును వెనుకకు త్రిప్పినచో, ఓడ ఆగుటయు గట్టునకు సమముగా ఒరయుటయు ఒక్కమారే జరుగును.

చిక్కంతయు ఇంజనులో నున్నది. పెద్ద డీజిలు ఇంజను ప్రొపెల్లరు ఇరుసునకు నేరుగా తగిలించి యుండును. ఒక హద్దునకు దిగువ అది నెమ్మదిగా తిరుగజాలదు; ఆపివేయవలసినదే. ఆపినచో చుక్కానికి ధార యుండదు. వెనుకకు పోవలెనన్న, దానిని ఆపి, అదిమిన గాలితో ఎదురుదిశలో మరల ఆరంభింపవలెను. ఈ గాలి సీసాలలో నిలువయుండును. తిరిగి నింపకయే పండ్రెండు మార్లు ఆరంభించుటకు చాలినంత యుండవలెనని నియమము. అందుచే ఆజ్ఞలను లెక్కలేక వెదజల్లు పైలటు ఇంజనుగది వారికి ప్రియుడు కాడు. రెక్కల వాలును మార్చుకొనగల ప్రొపెల్లరున్నచో ఈ బెడద లేదు. ఇరుసు ఒకేదిశలో తిరుగుచుండగనే ఓడ ముందుకో వెనుకకో పోవును. కొన్ని ఓడలకు ముందుభాగమున అడ్డముగా ఒక సొరంగము, దానిలో చిన్న ప్రొపెల్లరు నుండును. అది ఓడ నిలిచియున్నపుడు బాగుగ పనిచేసి, వేగము పెరిగినకొలది బలహీనపడును.

ఇంజను పోయిన చుక్కాని గతి 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోరులో లోకమునకు తెలిసినది. ‘డాలి’ యను సరకుల ఓడలో విద్యుత్తు పోయి, ప్రధాన యంత్రము నిలిచిపోయినది. ఓడ ముందుకు సాగుచునే యున్నది, కాని ప్రొపెల్లరు ధార లేని చుక్కాని దానిని మళ్ళింపలేకపోయినది. అది వంతెన స్తంభమును తాకగా వంతెన కూలి, దానిపై పనిచేయుచున్న ఆరుగురు మరణించిరి. అప్పటికి తోడుటగ్గులు ఓడను విడిచి వెళ్ళియుండెను.

టగ్గు చిన్నది, దాని ఇంజను మాత్రము పెద్దది. నేటి టగ్గులలో పెక్కింటికి ప్రొపెల్లరే అన్ని దిక్కులకు తిరుగును గనుక వానికి వేరుగ చుక్కానితో పనిలేదు. ఇరుకు రేవులలో అవి ఓడ నిలుచువరకు వేచియుండక, కాలువ చొరబడకమునుపే త్రాడు అందుకొని దాని వెంట నడచును.