కాలువ మూతపడితే పుట్టిన ఓడ

1967 జూన్‌లో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడింది. మళ్లీ తెరిచింది 1975లో. ఈలోగా గల్ఫ్ ముడిచమురు యూరప్ చేరాలంటే ఆఫ్రికాను చుట్టి రావలసిందే. దారి తగ్గదు కనుక, టన్నుకయ్యే ఖర్చు తగ్గించాలి. అందుకు పనికొచ్చింది హైస్కూలు లెక్క. ఓడ పొడవు, వెడల్పు, లోతు రెట్టింపు చేస్తే పట్టే చమురు ఎనిమిది రెట్లు. చుట్టూ ఉక్కురేకు వైశాల్యం నాలుగు రెట్లే. రేకు మందం పెంచాలనుకోండి, అయినా లాభమే. సిబ్బంది దాదాపు అంతే.

లెక్కలో పట్టని ప్రమాదం ఖాళీ ట్యాంకుల్లో దాగి ఉంది. 1969 డిసెంబరు ఒక్క నెలలోనే మూడు భారీ ట్యాంకర్లు పేలాయి. మూడింటిలోనూ అప్పుడు ట్యాంకులు కడుగుతున్నారు. అనుమానం నీటిధార మీదికే పోయింది: ఆ జోరుకు లేచిన తుంపరలో స్థిర విద్యుత్తు పోగుపడుతుంది, మిగిలిన చమురు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. మందు ఓడలోనే దొరికింది. బాయిలరు పొగను కడిగి, చల్లార్చి ట్యాంకుల్లోకి పంపితే ఆక్సిజన్ 8 శాతం లోపుకు దిగుతుంది, ఇక మంట అంటుకోదు.

ఇలా ఓడల పరిమాణం పెంచుకుంటూ పోవడంలో ఆఖరి మెట్టు సీవైజ్ జెయింట్ అనే ట్యాంకర్. జపాన్‌లోని ఒప్పామాలో సుమితోమో సంస్థ కట్టింది. ఆర్డరిచ్చిన గ్రీకు యజమాని వద్దన్నాడు. హాంకాంగ్ వ్యాపారి సి.వై. టంగ్ కొని, ఉన్నది చాలదన్నట్టు ఇంకా పొడిగించమన్నాడు. చివరికి పొడవు 458 మీటర్లు, మోసే బరువు 5,64,763 టన్నులు. విశాఖలో కొండ తొలిచి కట్టిన 13.3 లక్షల టన్నుల వ్యూహాత్మక చమురు నిల్వను మూడు ట్రిప్పుల్లో నింపేయగలదు. కానీ నిండుగా ఉంటే నీళ్లలో 24 మీటర్లకు పైగా మునిగే ఓడకు రేవులెక్కడివి? పైగా అది తయారయ్యేసరికి కాలువ తెరుచుకుంది, చమురు ధర మండిపోయి వాడకం తగ్గింది.

ఇరాన్-ఇరాక్ యుద్ధం సాగుతుండగా, 1988 మే 14న ఈ ఓడ ఇరాన్‌లోని లారక్ దీవి దగ్గర ఇరాక్ విమానాల బాంబులకు తగలబడి, లోతులేని నీళ్లలో కూలబడింది. నార్వే వాళ్లు కొని, పైకి లేపి, సింగపూర్‌లో బాగుచేయించి యారె వైకింగ్ అని పేరుపెట్టి మళ్లీ తిప్పారు. ఆ మొండితనం నాకు నచ్చుతుంది. అయితే 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకర్ నుంచి చమురు ఒలికిన ప్రమాదం తర్వాత జోడుపొరల ఓడలు కావాలన్న చట్టాలొచ్చాయి. దీనిది ఒకే పొర. 2004 నుంచి ఖతార్‌లోని అల్ షహీన్ చమురు క్షేత్రంలో కదలని నిల్వ ట్యాంకైంది. 2010లో గుజరాత్‌లోని అలంగ్‌లో ముక్కలు చేశారు.

ఇప్పటి పెద్ద ట్యాంకర్లు చాలావరకు 3 లక్షల టన్నుల దగ్గరే ఆగాయి. 2002-03లో కొరియాలో 4.4 లక్షల టన్నులవి నాలుగు కట్టారు. వాటిలో రెండు చివరికి అదే అల్ షహీన్‌లో నిల్వ ఓడలయ్యాయి.